ఏమీ లేని ఆకాశాలు, కింద ఒక తేదీ

మొన్న అమ్మ ఫోన్లో అడిగింది, "ఆకాశం ఫోటో తీయడానికి అంత దూరం పోవాలా నాన్నా, మేడెక్కితే కనపడదా?" అని. నవ్వేసి టాపిక్ మార్చేశా గానీ తర్వాత హార్డ్ డిస్క్ తెరిచి చూసుకుంటే నాకే భయమేసింది. మూడేళ్ళలో 4,000 పైచిలుకు ఫోటోలు, ఒక్కదాంట్లో కూడా చెట్టు లేదు పుట్ట లేదు మనిషి లేడు, నీలం, బూడిద, నలుపు, మళ్ళీ నీలం. ఆ కెమెరాతో పెళ్ళిళ్ళు కవర్ చేసినా నాలుగు డాలర్లు వచ్చేవి కదరా అని ఫ్రెండ్స్ అంటూనే ఉంటారు.

నేను చేసేదల్లా ఏంటంటే, అమెరికాలో ఎప్పుడో ఎవరికో యూఎఫ్‌ఓ (ఏంటో తేలని ఎగిరే వస్తువు) కనపడిందని రికార్డుల్లోకి ఎక్కిన చోటికి, వీలైతే అదే తేదీకి, అదే టైముకి వెళ్ళి, వాళ్ళు ఎటు చూశామన్నారో అటు కెమెరా ఎత్తి పైన ఏముంటే అది తీసుకొచ్చేయడం. ఏముంటుంది, ఏమీ ఉండదు. నేను గ్రహాంతరవాసుల్ని నమ్మే బ్యాచ్ కాదు, నమ్మేవాళ్ళని చూసి నవ్వే బ్యాచ్ కూడా కాదు, నాకు ఇంట్రెస్ట్ అంతా ఆ చూసిన మనిషి మెడ ఎత్తిన క్షణం మీదే.

మొదలైంది రెయినియర్ కొండ దగ్గర. 1947 జూన్ 24, మధ్యాహ్నం మూడు కావస్తుంటే కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ఆయన తన చిన్న విమానంలో వాషింగ్టన్ రాష్ట్రంలో చెహాలిస్ నుంచి యాకిమాకి పోతున్నాడు, దారిలో కూలిపోయిన ఒక మిలిటరీ రవాణా విమానం కోసం కూడా వెతుకుతున్నాడు, దాని ఆచూకీ చెప్తే 5,000 డాలర్ల బహుమతి ఉంది మరి. అప్పుడు తళుక్కున ఏదో మెరిసింది, చూస్తే తొమ్మిది వస్తువులు వరసగా రెయినియర్ వైపు నుంచి ఆడమ్స్ కొండ వైపు పోతున్నాయి. ఆయన కంగారు పడకుండా డాష్‌బోర్డు మీద గడియారం చూసి లెక్కేశాడు, ఈ కొండ నుంచి ఆ కొండకి 1 నిమిషం 42 సెకన్లు. అంటే గంటకి దాదాపు 1,700 మైళ్ళు. అప్పటికి శబ్దవేగాన్ని దాటిన మనిషే లేడు, చక్ యేగర్ దాటింది అదే ఏడాది అక్టోబర్‌లో.

అసలు నన్ను పట్టేసింది ఈ స్పీడు కాదు. అవి ఎలా ఎగిరాయి అని విలేకర్లు అడిగితే ఆయన, సాసర్‌ని నీళ్ళ మీదికి విసిరితే ఎలా పోతుందో అలా అన్నాడు, మనం చెరువులో పెంకు విసిరితే కప్పగంతులేసుకుంటూ పోతుంది చూడండి, అట్లా. ఆయన చెప్పింది కదలిక గురించి. ఆకారం గురించి కాదు, ఆయన వేసిన బొమ్మలో అది ముందు గుండ్రంగా, వెనక కోసుగా ఉంటుంది. కానీ పేపర్లలో అది ఎగిరే పళ్ళెం అయిపోయింది. ఆ తర్వాత నుంచి ఇక జనాలకి కనపడినవన్నీ పళ్ళేలే! ఒక మాట తప్పుగా అతుక్కుంటే దాని వెనకాల ఆకాశమే ఆకారం మార్చుకుంది, ఇంతకంటే వింత నాకు ఆ సబ్జెక్టులో ఇంకోటి దొరకలేదు, రోజుల తరబడి అదే ఆలోచించా.

సరే, మినరల్ అని రెయినియర్‌కి పడమటి వైపు చిన్న ఊరు, సరస్సు ఒడ్డున, ఆర్నాల్డ్ ఆ చుట్టుపక్కలే ఎక్కడో పైన ఉన్నాడు అప్పుడు. జూన్ 24న ట్రైపాడ్ అక్కడ పెట్టా. కొండ ఫ్రేములోకి రాకుండా కెమెరా పైకి లేపా, ఎందుకంటే కొండ వచ్చిందంటే అది క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. ఎక్స్‌పోజర్ కూడా సరిగ్గా 102 సెకన్లు ఇవ్వాలని పంతం. పట్టపగలు అంత సేపు షట్టర్ తెరిచి ఉంచాలంటే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు రెండు ఒకదాని మీద ఒకటి బిగించి, అపర్చర్ (అంటే లెన్సులో వెలుగొచ్చే కన్నం) బాగా చిన్నగా ఎఫ్ 16కి మూసి, ఐఎస్‌ఓ (అంటే వెలుగుకి కెమెరా స్పందించే జోరు) బాగా తగ్గించి కూర్చోవాలి. ఆటోఫోకస్ అయితే పని చేయనే చేయదు, ఖాళీ నీలంలో దానికి పట్టుకోడానికి గీత అంటూ ఏదీ దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ జుయ్ జుయ్ మంటూ తిరుగుతూనే ఉంటుంది, పాపం, అది కూడా ఏదో వెతుకుతున్నట్టే. కొండ అంచు మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి, టేపు వేసి, పైకి తిప్పుకోవడమే.

షట్టర్ నొక్కి ఆ 102 సెకన్లూ నేనూ పైకి చూస్తూ నిలబడ్డా. ఎంత పొడుగో తెలుసా? ముప్పై సెకన్లకి మెడ లాగుతుంది, అరవైకి కళ్ళలో నీళ్ళు, తొంభైకి కంట్లో తేలే దారాల్లాంటివి ఉంటాయి చూడండి, అవి ఈదడం మొదలుపెడతాయి, ఒక క్షణం నిజంగానే ఏదో పోయిందనుకుని ఉలిక్కిపడ్డా. అంత సేపు ఒకదాన్ని చూసిన మనిషిని ఏదో పక్షిని చూసి పొరబడ్డావులే అని ఒక్క మాటలో తీసిపారేయడం నాకిక కుదరదు. అలాగని అది అంతరిక్ష నౌక అని ఒప్పుకోవడమూ కుదరదు.

తర్వాత న్యూ మెక్సికోలో సొకోరో. ఇది నా ఫేవరెట్, తలకాయ పోగొట్టుకున్నదీ ఇక్కడే. 1964 ఏప్రిల్ 24, సాయంత్రం ఐదూ ముప్పావు ప్రాంతంలో లానీ జమోరా అనే పోలీసాయన స్పీడుగా పోతున్న కారుని తరుముతుంటే పెద్ద గర్జన, దూరంగా మంట, ఏదో పేలిందేమో అని కారుని వదిలేసి అటు పోతే వాగు గుంటలో తెల్లగా కోడిగుడ్డు ఆకారంలో ఒక వస్తువు, పక్కన తెల్ల బట్టల్లో ఇద్దరు. కాసేపటికి మంట కక్కుకుంటూ లేచి పోయింది, కాలిన పొదలూ నేల మీద గుంటలూ మిగిలాయి. అమెరికా వైమానిక దళం ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో 1969 దాకా ఇలాంటివి 12,618 రిపోర్టులు పోగేసింది, అందులో తేలకుండా మిగిలినవి 701, వాటిలో ఇదొకటి. పక్కనే వైట్ శాండ్స్ మిసైల్ రేంజ్ ఉంది కాబట్టి అక్కడిదేదో అయ్యుంటుందని కొందరి అనుమానం.

నేను ఏప్రిల్ 24న ఠంచనుగా ఐదూ నలభై ఐదుకి రెడీ. ఎండ మండిపోతోంది, ఆ వెలుగు ఎందుకో నాకు సరిగ్గా అనిపించలేదు, అయినా తీసేసి ఫిల్టర్లన్నీ బ్యాగులో సర్దేసుకుని కారు డోరు తీస్తుంటే వెలిగింది బల్బు. ఇప్పుడు అమెరికాలో ఎండాకాలం వెలుగు కోసమని మార్చిలోనే గడియారాలు గంట ముందుకి తోసేస్తున్నారు కదా, 1964లో ఆ తేదీకి ఇంకా తోయలేదు! ఆయన ఐదూ ముప్పావు అంటే నాకు ఆరూ ముప్పావు. సూర్యుడు ఇంకా చేతికి అందేంత కిందికి దిగాలి అన్నమాట. మళ్ళీ అన్నీ బయటికి తీసి ఆ క్రియోసోట్ పొదల మధ్య, బూట్ల నిండా ఇసకతో, గంట కూర్చున్నా. ఆ గంటలో ఆకాశం నీలం నుంచి పాల రంగుకి, అంచున పల్చటి పసుపుకి తిరిగింది, అంతకుముందు తీసినదానికీ దీనికీ సంబంధమే లేదు. అప్పట్నుంచి ప్రతి ప్లేసుకీ ముందు ఆ ఏటి గడియారం ఏంటో తేల్చుకున్నాకే బయల్దేరుతున్నా.

ఎగిరే పళ్ళెం కూలిందని పేరుపడ్డ రోస్వెల్ కూడా న్యూ మెక్సికోలోదే, దాని గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేశారు. ఒకటే విషయం, రోస్వెల్ ఊళ్ళో ఏమీ పడలేదు. శకలాలు దొరికింది అక్కడికి 75 మైళ్ళ దూరంలో, కరోనా అనే ఊరి వైపు ఒక పశువుల మేత భూమిలో (పేరు చూసి నవ్వకండి, ఊరు పాతదే). 1947 జూలై 8న ఎగిరే పళ్ళెం దొరికిందని సైన్యమే ప్రకటన ఇచ్చి, వెంటనే కాదు కాదు వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. అప్పటికి ఆ ఎగిరే పళ్ళెం అనే మాట పుట్టి రెండు వారాలే! సోవియట్ అణు పరీక్షల శబ్దాన్ని పై గాలుల్లో పట్టుకోడానికి వదిలిన మొగల్ అనే రహస్య ప్రాజెక్టు బెలూన్లవి అని 1994లో వైమానిక దళం రిపోర్ట్ ఇచ్చింది. ఊళ్ళో ఏమో వీధి దీపాలకి కూడా ఏలియన్ కళ్ళు పెట్టారు. నేను ఊరు దాటి కరోనా వైపు రోడ్డు పక్కన నిలబడి తీసుకున్నా, అంత పెద్ద ఆకాశం నేనెక్కడా చూడలేదు, గొడవంతా ఊళ్ళో, ఆకాశమంతా ఇక్కడ.

టెక్సస్‌లో లబ్బక్‌కి రాత్రి పూట వెళ్ళా. 1951 ఆగస్టులో అక్కడ కాలేజీ ప్రొఫెసర్లు కొందరు పెరట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఇరవై ముప్పై దీపాలు గుంపుగా నెత్తి మీదుగా పోయాయి. కొత్తగా వేసిన మెర్క్యురీ వీధి దీపాల వెలుగు ప్లోవర్ పక్షుల తెల్ల పొట్టలకి తగిలి అలా మెరిసిందని ఒక వివరణ, దాన్ని అందరూ ఒప్పుకోలేదు. నాకైతే ఆ వివరణే యూఎఫ్‌ఓ కంటే అందంగా అనిపిస్తుంది, వీధి దీపం మారితే పక్షి కూడా కొత్తది అయిపోవడం! నా ఫోటోలో మాత్రం పక్షుల్లేవు, నక్షత్రాలు కూడా పట్టుమని పది లేవు, ఊరి వెలుగంతా పైకి కొట్టి పలచటి మజ్జిగలా ఉంది.

ఫీనిక్స్‌లో 1997 మార్చి 13 రాత్రి జనానికి ఆకాశంలో కనపడిన దీపాల కోసం వెళ్తే విమానాలు లేని ఒక్క నిమిషం దొరకడానికే రాత్రి సగమైంది. టెక్సస్‌లోనే ఇలాంటి ఇంకో చోటు లెవెల్లాండ్, అక్కడికి వెళ్తే వాన. ఇక ఒరెగాన్‌లో మెక్‌మిన్‌విల్ దగ్గర 1950లో ఒక రైతు దంపతులు ఎగిరే పళ్ళెం అంటూ తీసిన రెండు ఫోటోలు చాలా ఫేమస్, అక్కడికి మాత్రం నేను వెళ్ళను, ఆ ఆకాశాన్ని వాళ్ళు ఆల్రెడీ తీసేశారు కదా, మళ్ళీ నేనెందుకు.

ఇప్పుడు అసలు విషయం. మినరల్ ఫోటోలు ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద తెరిస్తే కుడి వైపు పై మూలకి దగ్గర్లో ఒక చుక్క. గుండ్రంగా, నల్లగా కాదు, మసక బూడిద రంగులో, అంచులు మెత్తగా. జూమ్ చేస్తే మధ్యలో కాస్త ముదురు. నవ్వుతారేమో గానీ నిజం చెప్తున్నా, నా చేతులు చల్లబడ్డాయి. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, రాత్రి లేచి లేచి మళ్ళీ చూశా, పక్షి అనుకున్నా, డ్రోన్ అనుకున్నా, ఆ తర్వాత ఇంకేమేమి అనుకున్నానో ఇక్కడ రాయను. మూడో రోజు తట్టింది, ఆ రోజు తీసిన మిగతా ఫ్రేములు తెరిస్తే అన్నిట్లో అదే చుక్క, అదే చోట. సెన్సార్ (అంటే కెమెరా లోపల బొమ్మని పట్టే పలక) మీద దుమ్ము! మామూలుగా తెలీదు, అపర్చర్ ఎఫ్ 16కి మూసేసరికి దాని నీడ గట్టిపడి పైకి తేలుతుంది, అదీ ఆకాశం లాంటి నున్నటి రంగు మీదైతే మరీనూ. ఫోటోలు తీసేవాడు ఎవడైనా మొదటి ఏడాదే నేర్చుకునే సంగతి. నాకు తెలిసిందే. ఆ రెండు రోజులూ గుర్తు రాలేదు, అంతే.

ఎడిటింగ్‌లో ఒక్క క్లిక్కుతో పోతుంది అది. బ్రష్ పెట్టా, తీయబుద్ధి కాలేదు. యూఎఫ్‌ఓ కనపడిన చోట తీసిన ఆకాశంలోంచి ఒక చుక్కని నా చేత్తో నేనే చెరిపేస్తే తర్వాత ఎవరికి ఏమని చెప్పుకోవాలి? ఉంచేశా.

పోయిన నెల ఒక చిన్న గ్యాలరీలో ఆరు ప్రింట్లు పెట్టనిచ్చారు. కింద ఊరు, తేదీ, టైము మాత్రమే, ఇంకేం రాయలేదు. జనం వచ్చి మామూలు ఆకాశం ముందు ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళి వెతుకుతుంటే భలే ఉండేది, ఒకామె రోస్వెల్ ముందు పదిహేను నిమిషాలు నిలబడి, ఇక్కడ ఏదో బరువుగా ఉంది కదా అంది నాతో. అవునండీ అన్నా. మూడో రోజు ప్రింట్ల వెనక ఫైల్ నంబర్లు చూసుకుంటుంటే తెలిసింది, రోస్వెల్ కిందా సొకోరో కిందా చీటీలు తారుమారు అయ్యాయని, పెట్టింది నేనే. ఆమె చూసింది జమోరా ఆకాశం. సొకోరో సూర్యుడి కోసం ఇసకలో గంట కూర్చున్న నేనే మూడు రోజులు పట్టలేకపోయా, ఇంక ఆమెని ఏమనాలి. మర్నాడు తలుపులు తీయకముందే గప్‌చుప్‌గా మార్చేశా, ఎవ్వరూ గమనించలేదు.

చివరి రోజు ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు, మినరల్ ప్రింట్ ముందు ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వేలితో చుక్క చూపించి "ఇదేంటి?" అని అడిగాడు.

"దుమ్మండీ, కెమెరా సెన్సార్ మీద పడింది."

ఆయన నా వైపు చాలా సేపు, దయగా చూశాడు. "మీరు మరి అలాగే చెప్పాలి కదా" అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు, అదే రోజు తీసిన ఇంకో ఫ్రేము ఫోన్లో చూపించి ఇదిగో ఇక్కడ కూడా అదే చోట ఉంది చూడండి అంటే, "అంటే అది కదల్లేదన్నమాట" అని భార్య వైపు తిరిగి తలూపాడు. 80 డాలర్లు ఇచ్చి కొనుక్కున్నాడు, ఆ షో మొత్తంలో అమ్ముడుపోయింది అదొక్కటే. సంతకం పెట్టమంటే వెనక్కి తిప్పి, కావాలనే పెద్ద అక్షరాలతో "ఆ చుక్క సెన్సార్ మీద దుమ్ము" అని రాసి, తేదీ వేసి, కింద సంతకం చేసి ఇచ్చా. ఆయన చదివి జాగ్రత్తగా చుట్టుకుంటూ ఆవిడతో అన్నాడు, "చూశావా, రాసి మరీ ఇచ్చాడు."