దింపు రోజు, పదకొండో అధ్యాయం

ఈరోజు దొడ్లో కొబ్బరి దింపు. ఏడింటికల్లా మనుషులు వచ్చేశారు. పదకొండో అధ్యాయం మధ్యలో ఆగిపోయి ఉండటంతో, దింపు కన్నా దింపు తీసేవాళ్ళతోనే నాకు పని ఎక్కువ. నా నవలలో ముఖ్య సాక్షి చెట్టెక్కేవాడు. తెల్లవారుజామున మొవ్వు దగ్గర ఉండి కాలువ గట్టు మీద జరిగింది చూస్తాడు. అంత ఎత్తు నుంచి మనిషి ముఖం పోల్చుకోగలరా అన్నది నాకు తేలలేదు.

కిందికి దిగిన కుర్రవాడి చేతికి బొండం ఇచ్చి, "పైనుంచి అవతలి గట్టు మీద మనుషులు కనబడతారా?" అని అడిగాను. అతని ముఖం మాడిపోయింది.

"నాకేమీ తెలియదండీ. ఆ రోజు నేను ఊళ్ళో లేను."

ఏ రోజని అడిగాను.

"ఏ రోజైనా సరేనండీ."

పదవీ విరమణ చేసినా కోనసీమలో ఈ ఊరికి నేనింకా సీఐ గారినే. చివరికి మేస్త్రి జాలిపడ్డాడు. ముఖం తెలియదట, నడక తెలుస్తుందట. "అయినా పైనున్నవాడు గెల వంకే చూస్తాడండీ. కిందికి చూశాడంటే ఏదో చప్పుడు అయినట్టే." ఆ చప్పుడు నాకు తట్టనే లేదు. వెంటనే కాగితం మీద పెట్టుకున్నాను.

శవ పంచనామాలో ఒక గడి ఉంటుంది: మృతుణ్ణి చివరిసారిగా ప్రాణంతో చూసినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. సర్వీసులో ఆ గడిని ఒకటి రెండు వాక్యాలతో నింపి సంతకం పెట్టేవాణ్ణి. ఇప్పుడు నవలంతా అందులోంచే వస్తోంది. కథాకాలం 1997. అంతకు ముందు నవంబరు 6న వచ్చిన తుపానుకు తోటలకు తోటలే నేలకూలాయి. దింపు కూలీలకు ఎక్కడానికి చెట్టు లేదు. అలాంటి ఏడాదిలో కూలి బాకీ అంటే చిన్న విషయం కాదు. 2024 జూలై నుంచి చట్టమూ సెక్షన్లూ మారిపోయాయి కానీ, నా పాత్రలకు ఇంకా పాత సీఆర్‌పీసీలో పోలీసులు సాక్షుల్ని విచారించే సెక్షన్ 161 కిందే వాంగ్మూలం తీసుకుంటున్నాను.

చిక్కంతా ఆ వాంగ్మూలంతోనే. "నేను పై చిరునామాలో కాపురముంటూ కూలిపని చేసుకొని జీవించుచున్నాను" అని మొదలుపెడితే ఎవరి గొంతైనా ఒకటే. అది పోలీసుల బద్ధకం అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. సాక్షి నోట వచ్చిన ప్రతి అదనపు మాటా రేపు కోర్టులో డిఫెన్సు వకీలు చేతికి దొరికే పట్టు. పోలీసుల దగ్గర ఇలా అన్నావు, ఇక్కడ అలా అంటున్నావేమని నిలదీస్తాడు. అందుకే కేసుకు కావలసింది ఉంచి మిగతాది వదిలేస్తాం. అలా వదిలేయడం వల్ల నిలబడిన కేసులు నాకు తెలుసు. నవలకు మాత్రం ఆ వదిలేసిందే కావాలి.

మధ్యాహ్నమంతా కూర్చుంటే ఒక పేజీ కదిలింది. అందులో సగం మా ఆవిడ కొట్టేయమంది. ఆవిడ మాట సబబే.

సాయంత్రం పాత హెడ్ కానిస్టేబుల్ వచ్చారు. చాలాకాలం నాకు స్టేషన్ రైటరు, వాంగ్మూలాలు కాగితం మీద పెట్టింది ఆయనే. దాళ్వా చేలకు నీళ్ళు అందడం లేదని కాసేపు విసుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని అధ్యాయమంతా చదివారు.

"సార్, దస్తూరీ మీది, భాష నాది," అన్నారు. "మీ హంతకుడు కూడా 'జీవించుచున్నాను' అంటున్నాడు."

నవ్వాక అసలు విషయానికి వచ్చారు. ఈ సాక్షికి మూలమైన మనిషి ఆయనకు గుర్తున్నాడు. (ఊరు మార్చాను, ఏటి పాయ మార్చాను, అయినా పట్టేశారు.) ఆ రోజు అతను గంటసేపు మాట్లాడాడట. భార్యకు పచ్చకామెర్లు వచ్చిన సంగతి, చనిపోయినాయన కూలికి బదులు కురిడీ కొబ్బరికాయలు లెక్కగట్టి ఇచ్చిన సంగతి, ఆ లెక్కలో రెండు కాయలు తగ్గిన సంగతి. "అతను ఇవి చెబుతుంటే మీరు చెయ్యి ఎత్తేవారు సార్. నేను కలం ఆపేవాణ్ణి. కానీ వినడం ఆపలేదు."

నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆయన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. ఈసారి కలం నా చేతిలో ఉంది, చెప్పేది ఆయన. మధ్యలో రెండుసార్లు అలవాటుగా చెయ్యి ఎత్తబోయాను. ఆయన అసలు పట్టించుకోలేదు. భోజనం చల్లారిపోతోందని మా ఆవిడ లోపలినుంచి రెండుసార్లు పిలిచి, ఇక లాభం లేదని ఆయనకూ కలిపి వడ్డించేసింది.

ఇప్పుడు పదిన్నర దాటింది. అధ్యాయం పద్నాలుగు పేజీలైంది. సాక్షి ఇంకా చెట్టు మీదే రెండు కొబ్బరికాయల లెక్క తేలుస్తున్నాడు. హంతకుడు ఇంకా గట్టెక్కలేదు.