డిజాక్సిన్ ఒంట్లో పేరుకున్నప్పుడు

డిజాక్సిన్ నాకు మేలు చేసిన మందు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో గుండె లయ తప్పి, నాలుగడుగులకే ఆయాసం వచ్చే రోజుల్లో నా నాడిని అదుపులోకి తెచ్చింది ఆ చిన్న మాత్రే. మూత్రపిండాలు అప్పటికే బలహీనంగా ఉన్నాయి కాబట్టి డాక్టరు తక్కువ మోతాదే రాశారు.

అలాంటి సమయంలో విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గినా ఆకలి తిరిగి రాలేదు, భోజనం చూస్తేనే వికారం. కడుపు ఇంకా కుదుటపడలేదనే ఇంట్లో అందరం అనుకున్నాం. ఆకలి మందగిస్తే గుండె మందును ఎవరు అనుమానిస్తారు? తర్వాత దీపాల చుట్టూ పసుపు వలయాలు కనిపించసాగాయి. లేస్తే కళ్లు తిరిగేవి. ఆసుపత్రికి చేరేసరికి నాడి నిమిషానికి 40 కూడా లేదు.

పసుపు వలయాల మాట వినగానే అక్కడి డాక్టరు రక్తంలో డిజాక్సిన్ పరీక్ష రాశారు. ఒక మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దాటితే ప్రమాదం ఎక్కువట, నాది 3కు చేరువలో ఉంది. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు ఇంకా మందగించాయి, మందు బయటికి పోలేదు. మూత్రపిండాలు బాగున్నవారిలో సగం మందు పోవడానికి ఒకటిన్నర, రెండు రోజులు చాలు. అవి బాగా దెబ్బతింటే నాలుగైదు రోజులు పడుతుంది.

“డయాలసిస్‌తో తీసేయలేరా?” అని మా అబ్బాయి అడిగాడు. మందులో ఎక్కువ భాగం రక్తంలో కాక కండరాల్లో ఉంటుందనీ, డయాలసిస్‌కు అది అందదనీ చెప్పారు. పొటాషియం పెరిగినా, లయ ఇంకా చెడినా విరుగుడు ఇంజెక్షన్ ఇస్తామన్నారు. ఆ అవసరం రాలేదు. మాత్ర ఆపి, సెలైన్ పెట్టి, ఈసీజీ మీద కన్నేసి ఉంచారు. నాడి మెల్లగా పుంజుకుంది. ఆకలి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

డిజాక్సిన్‌కు బదులు సోటలాల్ అనే మరో గుండె లయ మందు గురించి అడిగితే వద్దన్నారు. అదీ మూత్రపిండాల ద్వారానే పోవాలి, పేరుకుంటే ప్రాణం తీసే లయకు దారితీయవచ్చు. ఇప్పుడు కాలేయంలో విచ్ఛిన్నమయ్యే మెటోప్రొలాల్ వాడుతున్నాను.

విరేచనాలో వాంతులో అయితే వెంటనే ఫోను చేయమని పాత మందుచీటీ మీద ఒక్క వాక్యం ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నాకిప్పటికీ బాధగా ఉంది. డిజాక్సిన్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకండి. కానీ ఆకలి పోతే, చూపులో పసుపు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి.