కాలువ కట్టేసిన వేసవి

మన పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలుసుకునే సందర్భంగా వేస్తున్న సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు బడి గురించి రాద్దామనే కూర్చున్నాను. తీరా మొదలుపెడితే బడి కంటే ముందు కాలువే వచ్చింది. మన ఊళ్లవాళ్లకు ఇది వింతేమీ కాదు. బడికి వెళ్లింది కాలువ గట్టు మీదనుంచే, భోజనాలయ్యాక క్యారేజీలు కడుక్కున్నది కాలువ రేవులోనే, పరీక్ష బాగా రాయలేదని ఏడవాలంటే వెళ్లి కూర్చున్నదీ ఆ రేవు మెట్ల మీదే.

మన వేసవి కూడా కాలువతోనే మొదలయ్యేది. సెలవులు ఏ తేదీ నుంచి అనే కన్నా "కాలువ ఎప్పుడు కట్టేస్తారు?" అన్నదే ఊళ్లో పెద్ద ప్రశ్న. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర బయల్దేరిన నీళ్లు బొబ్బర్లంక, లొల్ల లాకులు దాటి, గన్నవరం కాలువలో పడి మన దాకా వచ్చేవి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోతుండగా ఏప్రిల్లో ఎగువన తలుపులు దించేసేవారు. పూడిక తీయాలి, గట్లు బాగుచెయ్యాలి, లాకుల తలుపులకు రంగు వెయ్యాలి. ఇవన్నీ అయ్యి మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊరు తన నీళ్లు తను దాచుకోవాలి. అందుకే కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపేవారు. ఆ వారమంతా మా అమ్మకు ఒకటే టెన్షన్. చెరువు గట్టు మీదకు వెళ్లి నీళ్లు ఎన్నో మెట్టుదాకా వచ్చాయో చూసి రమ్మని రోజూ పొద్దున్నే నన్ను పంపేది. తెచ్చిన బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పి, తేరుకున్నాక పైనీళ్లు మాత్రం కూజాలోకి వంచేది. అడుగున మిగిలిన బురదనీళ్లు కూడా పారబోయనిచ్చేది కాదు, మల్లెపాదుకు పోయించేది.

కాలువ కబురు ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది మాకు, అంటే మా అయిదుగురు స్నేహితురాళ్లకు. ఎందుకంటే మాలో ఒకామె లస్కరుగారి అమ్మాయి. లాకుల పక్కన క్వార్టర్లో ఉండేవారు. లాకులంటే ఏమిటో తెలియని పిల్లలూ ఇప్పుడు ఇది చదువుతారేమో, అందుకని చెబుతున్నాను. కాలువలో నీటి మట్టం ఒక్కసారిగా దిగే చోట, పడవలు దాటడానికి, నీళ్లు పంచడానికి కట్టిన తలుపులవి. వాటిని ఎత్తడం, దించడం, రాత్రీ పగలూ గట్టు కాపలా కాయడం లస్కరు పని. తరగతిలో ఆమెను మేమంతా లాకులమ్మాయి అనేవాళ్లం. ఈ వ్యాసంలోనూ అలాగే పిలుస్తాను.

మేం పదో తరగతి చదివిన ఏడాది ఏం జరిగిందో మన బ్యాచ్‌కు వేరే చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. పుస్తకం తెరిస్తే చాలు, దూరాన కొలిమి ఊదుతున్నట్టు ఆ హోరు. రాత్రయితే కొబ్బరిచెట్ల తలలు ఎర్రగా కనిపించేవి. మా పిన్నివాళ్లది అటుపక్క ఊరే. గేదెను బంధువుల దగ్గర వదిలి, బియ్యం బస్తా, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేశారు. రెండు గదుల ఇంట్లో పదకొండు మందిమి. ఎవరూ విసుక్కోలేదు. అమ్మ, పిన్ని తెల్లవారుజామునే లేచి పెద్ద గుండిగతో అన్నం వార్చేవారు. మగపిల్లలంతా వీధి అరుగు మీద వరసగా పడుకునేవారు. కానీ చదువుకోవడానికి మాత్రం మూల దొరికేది కాదు.

అప్పుడు లాకులమ్మాయే అంది, "మా ఇంటికి రండే, అరుగు ఖాళీగానే ఉంటుంది కదా" అని.

ఆ రెండు నెలలూ సాయంత్రం అయిదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదికి మా నాన్న సైకిల్ లైటు కనిపించేదాకా ఆ అరుగు మీదే. వాళ్లమ్మ తేగలు ఉడకబెట్టి చేటలో పోసేది. తేగ చీల్చి, లోపలి లేత మొలకను, మేం చందమామ అనేదాన్ని, తీసి ఎవరికి ఇవ్వాలో కూడా వంతులే. లాకులమ్మాయికి పటాలు గీయడం బాగా వచ్చు. గోదావరి చీలి గౌతమి, వసిష్ఠ ఎటు పోతాయో, వైనతేయ ఎక్కడ విడిపోతుందో పెన్సిల్ ఎత్తకుండా గీసేసేది. మా నలుగురి సోషల్ నోట్సుల్లోనూ పటాలు ఆమె గీసినవే. మేం చదువుతూ ఉంటే ఆమె మధ్యమధ్యలో లేచి వెళ్లేది. తమ్ముడికి అన్నం పెట్టి వచ్చేది, నాన్నకు లాంతరు ఇచ్చి వచ్చేది, దీపంలో కిరసనాయిలు పోసి వచ్చేది. వచ్చి కూర్చున్నాక "ఎక్కడిదాకా వచ్చారే?" అని అడిగేది. మేం చెప్పి ముందుకు వెళ్లిపోయేవాళ్లం. ఎన్నిసార్లు లేచిందో అప్పుడు నేను లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆ అరుగు గుర్తొచ్చినప్పుడల్లా, కూర్చున్న ఆమె కంటే లేచి లోపలికి వెళుతున్న ఆమే కనిపిస్తుంది.

పరీక్షలు అయ్యాయి. కాలువ కట్టేశారు.

కట్టేసిన కాలువ చూడనివాళ్లకు ఎలా చెప్పాలో తెలియదు. మొదటి రోజు నీళ్లు మోకాలి లోతుకు వస్తాయి. మూడో రోజుకు మడుగులు మిగులుతాయి. మడుగుల్లో కొరమేనులు, జెల్లలు, మట్టగిడసలు. ఊళ్లోని మగపిల్లలంతా బుట్టలతో అక్కడే ఉంటారు, కొంగలు కూడా. ఆ తర్వాత బురద ఎండి పలకలు పలకలుగా పగులుతుంది. పదినెలల పాటు ఈవలి గట్టు నుంచి ఆవలి గట్టుకు వంతెన మీదుగా వెళ్లినవాళ్లం, కాలువ నడిమధ్య నడుచుకుంటూ పోతాం. పైకి చూస్తే గట్లు ఎంత ఎత్తో అనిపిస్తుంది.

లాకులమ్మాయికి అప్పుడు ఒక పని ఉండేది. ఎవరూ చెప్పిన పని కాదు. రేవుల దగ్గర ఏడాదంతా అంట్లు తోముకునేవాళ్ల చేతుల్లోంచి జారిపోయిన గ్లాసులు, చెంబులు, గరిటెలు బురదలో కూరుకుపోయి ఉంటాయి కదా. వాటిని వెతికి తీసేది. ఇసుక పెట్టి రుద్దితే అంచు కింద చెక్కించిన పేరు బయటపడేది. ఫలానా ఇంటివారు, ఫలానా పెళ్లికి ఫలానావారి కానుక, తేదీతో సహా. చదివి, ఆ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేది. ఆ ఏడాది మేం నలుగురం కూడా ఆమెతో తిరిగాం. మా అమ్మమ్మ పేరున్న ఇత్తడి చెంబు అలాగే దొరికింది. మా అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అమ్మమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. "ఎక్కడ దొరికింది అమ్మలూ?" అని అడుగుతుంది, ఆమె చెబుతుంది, మళ్లీ అడుగుతుంది. పేరు లేని గిన్నెలు మాత్రం లాకుల గోడమీద వరసగా పెట్టేది. ఎవరిదో వాళ్లే గుర్తుపట్టి తీసుకెళతారని.

మే నెలలో మా ఇంట్లో ఆవకాయ. నాన్న కొత్తపల్లి కొబ్బరి కాయలు తెచ్చి నూతి దగ్గర తొట్టిలో పోయించారు. కాయ కొట్టడం నాన్న, జీడి తీసి పొర ఒలిచి గుడ్డతో తుడవడం మా అయిదుగురు, కలపడం అమ్మ ఒక్కతే. కలిపేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, తుమ్మకూడదు. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె, గుప్పెడు మెంతులు. జాడీకి ఎత్తాక ఆ పళ్లెంలో అంటుకున్న దాంట్లోనే వేడన్నం వేసి కలిపి, చుట్టూ కూర్చోబెట్టి మా అందరి చేతుల్లో ముద్దలు పెట్టింది. పిన్ని పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఇంకో ముద్ద అడిగారు. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని రకాల ఆవకాయలు తిన్నా, పళ్లెం అడుగున మిగిలిన ఆ ముద్దకు సాటి వచ్చేది నాకు తగల్లేదు. మూడో రోజు తిరగకలిపాక ఒక చిన్న జాడీ లాకుల ఇంటికి వెళ్లింది. అక్కడి నుంచి తాటిముంజెల గెల వచ్చింది.

అంతర్వేది వెళ్లింది ఆ నెలాఖరునే. మంట ఆరింది, పిన్నివాళ్లు ఇంటికి వెళ్లిపోయారు, మొక్కు తీర్చుకోవాలని నాన్న అన్నారు. మా ఇంటివాళ్లు, పిన్నివాళ్లు, మేం అయిదుగురం. లాకులమ్మాయిని పంపడానికి వాళ్ల నాన్నగారు మొదట ఒప్పుకోలేదు. మా నాన్న స్వయంగా వెళ్లి, "నా పిల్లతో పాటేనండి, దీపాలవేళకు తెచ్చి అప్పగిస్తాను" అన్నాక సరేనన్నారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా బస్సు. పులిహోర ఒక క్యారేజీ, దద్దోజనం ఒక క్యారేజీ, అరటాకుల కట్ట. నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్లాం. వసిష్ఠ వచ్చి సముద్రంలో కలిసే చోటు అది. ఇసుక కాలిపోతోంది, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాం.

లాకులమ్మాయి సముద్రం చూడటం అదే మొదటిసారి. అందరం నీళ్లలోకి దిగితే ఆమె మాత్రం ఒడ్డున నిలబడి ఏటి వైపు ఒకసారి, సముద్రం వైపు ఒకసారి చూస్తోంది. "ఇక్కడ తలుపుల్లేవే" అంది. నాకు అర్థం కాలేదు. "మా నాన్న ఎంత రాత్రయినా లేచి తలుపు దించాలి. ఇక్కడ ఎవరూ దించక్కర్లేదు" అంది. తర్వాత దిగింది. పావడా తడిసి ముద్దయ్యేదాకా ఎక్కలేదు. తిరుగు ప్రయాణంలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. జుట్టంతా ఉప్పు వాసన.

ఆ తర్వాత ఫలితాలు వచ్చాయి. పేపర్లో నంబర్లు. మా నలుగురివీ ఉన్నాయి, ఆమెది లేదు. లెక్కల్లో పోయింది. మేం ఏం మాట్లాడాలో తెలియక రెండు రోజులు అటు వెళ్లలేదు. నా జీవితంలో నేను సిగ్గుపడే రెండు రోజులు అవి. మూడోరోజు ఆమే మా ఇంటికొచ్చింది, ఎప్పటిలా గుమ్మంలోనే నిలబడి, "రేపు తెల్లారేసరికి నీళ్లు మనదాకా వస్తాయంట, నాన్న చెప్పాడు. వస్తారా?" అని అడిగింది.

జూన్ రెండో వారం. చీకటితోనే వెళ్లాం. ఎండిన కాలువలో ముందు ఒక చప్పుడు వినిపించింది, ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు. తర్వాత నురగ కనిపించింది. దాని ముందు కొబ్బరి పీచు, ఎండిన డొక్కలు, పుల్లలు, పారిపోతున్న ఎండ్రకాయలు. నీళ్లు మనిషి నడిచినంత వేగంతో వస్తాయని నాకు అప్పుడే తెలిసింది. గట్టు మీద దానితో సమానంగా అయిదుగురం నడిచాం. రేవు దగ్గర అమ్మలు పసుపు కుంకుమలు, పూలు వేశారు. లస్కరుగారు తలుపు ఎత్తారు. లాకులమ్మాయి వాళ్ల నాన్న పక్కన నిలబడి రెండు చేతులతో ఇరుసు తిప్పుతోంది.

మేం నలుగురం అమలాపురం కాలేజీకి బస్సు ఎక్కాం. మళ్లీ పరీక్ష రాయించండని మన తెలుగు మాస్టారు వాళ్లింటికి రెండుసార్లు వెళ్లారు. అప్పటికే సంబంధం కుదిరింది. మరుసటి ఏడాది 1996 నవంబరు తుఫానులో లాకుల క్వార్టరు కప్పు లేచిపోయింది, వాళ్లు ఊరు మారారు. అక్కడితో నాకు ఆమె తెగిపోయింది.

కిందటేడు దొరికింది. రాజోలు వైపు ఒక ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతోంది. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ డిగ్రీ చేశారు. వంటగది గోడ మీద సుద్దముక్కతో గీసిన గోదావరి పటం ఉంది. ఎవరు గీశారని నేను అడగలేదు.

ఇంత రాయడానికి కారణం ఒకటుంది. మన సంచిక చివర వెయ్యడానికి బ్యాచ్ జాబితా తయారుచేసి పంపారు, ఎంతో శ్రమపడి చేశారు. అందులో ఆమె పేరు లేదు. పదో తరగతి పాసైనవాళ్ల పట్టీ చూసి రాశారు కాబట్టి ఉండదు. ఆమె ఒక్కతే కాదు, ఆ ఏడాది తప్పినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు మనతో అయిదేళ్లు ఒకే బెంచీలో కూర్చున్నారు. హాజరు పట్టీలో వాళ్ల పేర్లున్నాయి. దయచేసి ఆ పట్టీ తీసి, అచ్చుకు వెళ్లేలోగా అందరి పేర్లూ చేర్చండి. వెతికి రాయడానికి నేనూ వస్తాను, ఎన్ని రోజులైనా కూర్చుంటాను.

ఈ వ్యాసంలో నీ పేరు రాయనా అని ఆమెను అడిగాను. "నా ఒక్కదాని పేరు ఎందుకే, అందరితో పాటు జాబితాలో ఉంటే చాలు" అంది. అందుకే రాయలేదు.

కలుసుకునేది మే నెలలో అని చెబితే వేళ్లు లెక్కపెట్టుకుని, "అప్పటికి కాలువ కట్టేసి ఉంటుంది" అంది. బడి దగ్గర పదింటికి కదా, మనం అయిదుగురం ఏడింటికే లాకుల దగ్గరికి వచ్చేద్దాం, రేవు దాకా కాలువలోంచే నడిచి వెళదాం, చెంబులేమైనా దొరుకుతాయేమో చూద్దాం అంది.