ఇరవై రోజులు దాటాక వచ్చే సోమవారం

డిసెంబర్ సెలవులకు నేను హైదరాబాద్ వస్తున్నానని తెలిస్తే చాలు, నల్లకుంటలోని మా పుట్టింటికి ఫోన్లు మొదలవుతాయి. ఫలానా వాళ్ల అమ్మాయి ఒక్కసారి మాట్లాడాలట, ఫలానా వాళ్ల అబ్బాయి మీద అమెరికాలో కేసు పడిందట. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డల్లాస్ దగ్గర ఫ్యామిలీ లా ప్రాక్టీసు నాది. విడాకులు, పిల్లల కస్టడీ, ఆస్తి పంపకం, గృహహింస కేసుల్లో రక్షణ ఉత్తర్వులు ఇవే రోజూ చూసే పని. అయినా అక్కడ కోర్టులో గంటలకొద్దీ వాదించిన దానికంటే ఇక్కడ మా అమ్మావాళ్ల ముందుగదిలో ఫీజు లేకుండా చెప్పే నాలుగు మాటలే ఎక్కువ అక్కరకొస్తున్నాయని నా నమ్మకం. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్ల కేసులు చాలావరకు మెకినీలోని కాలిన్ కౌంటీ కోర్టుకు వస్తాయి. వాటిలో ఎన్నో కోర్టు గడప తొక్కకముందే, కూకట్‌పల్లిలోనో వనస్థలిపురంలోనో, నోటీసు చూసి ఇంట్లో అందరూ "మనం పట్టించుకోవద్దు" అనుకున్న రోజే ఓడిపోతాయి.

టెక్సస్‌లో విడాకుల నోటీసు అందితే జవాబు వేయడానికి ఒక గడువుంది. అందిన రోజు నుంచి 20 రోజులు దాటాక వచ్చే మొదటి సోమవారం, ఉదయం 10 గంటలు. ఆలోపు కోర్టులో కాగితం పడకపోతే అవతలివాళ్లు డిఫాల్టు కింద, అంటే మన మాట వినకుండానే, డిక్రీ (కోర్టు తీర్పు) అడగొచ్చు. కేసు వేశాక 60 రోజులు ఆగాలన్న నియమం ఉంది కానీ, ఎదురు చెప్పేవాళ్లే లేనప్పుడు ఆ రెండు నెలలు ఎంతలో గడుస్తాయి!

ఒకసారి ఒక పెద్దాయన కూతురి నోటీసు పట్టుకుని వచ్చారు. కవరు అప్పటికి రెండు వారాలుగా దేవుడి గదిలో బీరువా మీద ఉందట. అమ్మాయిని పండక్కని పంపించి, రిటర్న్ టికెట్ క్యాన్సిల్ చేసి, ఆ తర్వాత కేసు వేశాడు అల్లుడు.

"పెండ్లి మన దగ్గర చేసినం బిడ్డా. మన పంతులు, మన పద్ధతి. వాళ్ల కోర్టు ఎట్ల విడగొడ్తది?" అన్నారాయన.

"మీరన్నదాంట్లో సగం నిజముంది అంకుల్. ఆ సగాన్ని నమ్ముకునే చాలామంది నష్టపోతున్నారు" అన్నాను.

ఆ సగం నిజానికి మూలం మన తెలుగువాళ్ల కేసే. తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లిని భర్త అమెరికాలో మిస్సోరి కోర్టులో రద్దు చేయించుకున్నాడు. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణంతో ఇస్తేనే విదేశీ విడాకులకు ఇక్కడ విలువ. దీనికి కొన్ని మినహాయింపులు పెట్టింది. భార్య తనంతట తాను ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీదే పోరాడితే, లేదా విడాకులకు ఒప్పుకుంటే, అప్పుడు చెల్లుతుంది. దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది.

కానీ ఇక్కడ చెల్లని డిక్రీ అక్కడ చెల్లుతుంది. అలా విడాకులు తెచ్చుకున్న భర్త అక్కడ మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి భార్యకు వచ్చే హెచ్-4 వీసా పోతుంది. కాపురం చివరగా టెక్సస్‌లోనే సాగి, రెండేళ్లలోపు కేసు వేస్తే, ఆమె హైదరాబాద్‌లో కూర్చున్నా సరే ఆస్తి సంగతి కూడా ఆ కోర్టు తేల్చేస్తుంది. ఇక్కడ చట్టం దృష్టిలో భార్య, అక్కడ మాజీ భార్య. ఏళ్ల తరబడి ఆ రెంటి మధ్యా నలిగిపోతున్న ఆడపిల్లల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అలాగని కంగారుపడి ఏదో ఒక జవాబు పంపేసినా చిక్కే. ఆమె ఎప్పుడూ టెక్సస్‌లో ఉండకపోతే "ఈ కోర్టుకు నా మీద అధికారం లేదు" అనే అభ్యంతరం అన్నిటికంటే ముందు వేయాలి. మామూలు జవాబు వేశాక దాన్ని ఎత్తడానికి వీలుండదు. పైగా ఆ జవాబులో రాసే ప్రతి వాక్యం రేపు పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో కూడా బయటికొస్తుంది. అందుకే అక్కడి లాయరు, ఇక్కడి లాయరు ఒకసారి ఫోన్లో మాట్లాడుకుని రాయాలంటాను. వాట్సాప్‌లో వచ్చింది నోటీసే కాదనే ధీమా కూడా పనికిరాదు. విదేశీ కోర్టు కాగితాలు మన దేశంలో అందించడానికి హేగ్ ఒప్పందం ప్రకారం కేంద్ర న్యాయశాఖ ద్వారా ఒక పద్ధతి ఉంది, నిజమే. ఆ పద్ధతి పాటించలేదన్న మాట చెప్పాల్సింది కోర్టులో. ఇంట్లో మనలో మనం అనుకుంటే కోర్టుకెలా తెలుస్తుంది?

ఆ పెద్దాయన వచ్చేటప్పటికి గడువు ఇంకా మిగిలే ఉంది. జవాబు పడింది. వాయిదా రోజు రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ ఉదయం తొమ్మిదికి, ఆ అమ్మాయి వనస్థలిపురంలో తన గది నుంచే జూమ్‌లో జడ్జి ముందు హాజరైంది.

పురానీ హవేలీ నాకు కొత్త కాదు. ఉస్మానియాలో లా చదివాక జూనియర్‌గా పని నేర్చుకున్నది అక్కడే. ఫ్యామిలీ కోర్టులో లాయరును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి ఉండాలి. అందుకని మనుషులు తమ గోడు తామే చెప్పుకునేవాళ్లు, నేను పక్కన నిలబడి వినేదాన్ని. పెళ్లయి టెక్సస్ వెళ్లాక నాదీ హెచ్-4 వీసానే. ఆ వీసా మీదున్న కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో వచ్చింది. నేను వెళ్లింది అంతకుముందు. చదువుకు అడ్డు లేదు కాబట్టి ఎల్ఎల్ఎం చేసి, బార్ పరీక్ష రాశాను. సొంత సంపాదన లేకుండా, ఇంకొకరి వీసాకు ముడిపడి పరాయి దేశంలో ఉండటం ఎలా ఉంటుందో నా దగ్గరికొచ్చే అమ్మాయిలు నాకు వివరించక్కర్లేదు.

టెక్సస్ బార్, అంటే అక్కడి లాయర్ల సంఘం, ప్రతి లాయరూ ఏడాదికి 50 గంటలైనా పేదవాళ్లకు ఉచితంగా పనిచేయాలని ఆశిస్తుంది. అది నిర్బంధం కాదు. నా గంటలు ఎక్కువగా మన ఆడపిల్లలకే పోతాయి. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, హ్యూస్టన్‌లో 1996 నుంచి ఉన్న దయ లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలు వేసిన దారి ఇది. వాళ్లు లేకపోతే అర్ధరాత్రి ఇంట్లోంచి బయటపడ్డ అమ్మాయికి ఫోన్ చేయడానికి ఒక నంబరు కూడా ఉండేది కాదు. హెచ్-1బి భర్త హింసిస్తుంటే హెచ్-4 భార్య సొంతంగా వర్క్ పర్మిట్ అడగొచ్చని చట్టంలో ఉంది. ఆ సంగతి తెలియక ఎంతమంది పళ్లబిగువున భరిస్తున్నారో!

హైదరాబాద్‌లో నన్ను అన్నిటికంటే భయపెట్టే కాగితం వేరే ఉంది. వెయివర్ అంటారు. నోటీసు నాకు పంపక్కర్లేదు, వాయిదాలు చెప్పక్కర్లేదు, తీర్పు ఇచ్చేయండి అని రాసి ఉంటుంది చాలాసార్లు. "గ్రీన్ కార్డు పని మీద అడుగుతున్నాడు, నోటరీ చేయించి స్కాన్ పంపమన్నాడు" అంటూ ఒక తల్లి ఫోన్లో ఆ పీడీఎఫ్ చూపించింది. అమ్మాయి బీటెక్ చదివింది, ఇంగ్లిష్ బాగా వచ్చు. మొగుడు పంపాడు కదా అని చదవలేదంతే. ఆ సంతకం ఆగింది.

అదే తల్లి పెళ్లి ఆల్బమ్ తెచ్చింది. టెక్సస్‌లో కాపురంలో సంపాదించిందంతా ఇద్దరిదీ. పుట్టింటివాళ్లు అమ్మాయికి పెట్టింది మాత్రం అమ్మాయిదే, కాకపోతే గట్టిగా రుజువు చేసుకోవాలి. ఆమె ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి కాసుల పేరు, వడ్డాణం, వంకీలు, చంద్రహారం చెబుతుంటే నేను రాసుకున్నాను. బంగారం కొట్టు బిల్లులు కూడా దాచింది, కానీ సగం బిల్లుల మీద అక్షరాలు వెలిసిపోయాయి. అప్పటినుంచి పెళ్లి పెట్టుకున్న ప్రతి ఇంట్లో చెబుతున్నాను, బిల్లు కొన్న రోజే జిరాక్స్ తీయించండని.

అబ్బాయిల తల్లిదండ్రులూ వస్తారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. భరణం కింద జీతమంతా పోతుందని ఎవరో భయపెట్టి ఉంటారు. టెక్సస్‌లో భార్యకు భరణం రావాలంటే మామూలుగా పదేళ్ల కాపురమన్నా ఉండాలి, లేదంటే హింస రుజువవ్వాలి. ఇచ్చినా నెలకు 5,000 డాలర్లు, లేదా స్థూల ఆదాయంలో 20 శాతం, ఏది తక్కువైతే అదే పరిమితి. ఈ లెక్క చెప్పాక చాలామంది కేసుల మీద కేసులు వేసే ఆలోచన మానుకుని రాజీ మాటలు మొదలుపెట్టారు.

పిల్లల దగ్గరికొచ్చేసరికి ఎవరికీ ధైర్యం చెప్పలేను. ఒకరు బిడ్డను తీసుకుని శంషాబాద్‌లో దిగిపోతారు. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. కాబట్టి అమెరికా కోర్టు ఉత్తర్వు ఉన్నా బిడ్డ ఆటోమేటిగ్గా తిరిగి వెళ్లడం జరగదు. బిడ్డ క్షేమమే ముఖ్యం, విదేశీ ఉత్తర్వు పరిగణించాల్సిన వాటిలో ఒకటి మాత్రమే అని 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ అంతకుముందు ఆరు నెలలు టెక్సస్‌లో పెరిగి ఉంటే, వెళ్లిన ఆరు నెలల్లోపు అక్కడ ఉండిపోయిన తల్లో తండ్రో కస్టడీ కేసు వేయొచ్చు. రెండు దేశాల్లో రెండు కేసులు, మధ్యలో వీడియో కాల్‌లో నాన్నను గుర్తుపట్టని పసివాడు. టికెట్ కొనకముందు ఒక్కసారి నాతో మాట్లాడండి అని బతిమాలుతాను.

ఇక్కడి కోర్టులో నేను వకాలత్ వేయను, ఆ పని ఇక్కడి లాయర్లది. డబ్బు లేదని వెనకాడేవాళ్లను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపిస్తాను. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. నాకు లోటుగా ఉన్నది వేరే రాష్ట్రాల లాయర్లు. కాలిఫోర్నియాలో జవాబుకు గడువు 30 రోజులు, న్యూజెర్సీలో ఆస్తి పంపకం తీరే వేరు, ఆ కేసులకు నేను ధైర్యంగా సలహా ఇవ్వలేను. అక్కడ ప్రాక్టీసు చేసే తెలుగు లాయర్లెవరైనా సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక్క శనివారం నాతో కూర్చోండి. గది ఉంది, వచ్చేవాళ్లు ఉన్నారు, టీ సంగతి మా అమ్మ చూసుకుంటుంది.