బండి ఓడెక్కింది

రాత్రి పదకొండింటికి రోమ్ టెర్మిని స్టేషన్లో ఎక్కి పడుకున్నాం. తెల్లారగట్ల ఒక పెద్ద కుదుపు. కాసేపు చడీచప్పుడు లేదు. మళ్లీ ఇంకో కుదుపు, ఈసారి వెనక్కి. కింది బెర్తులో అమ్మ లేచి కూచుంది.

"ఏరా, ఇంజను మారుస్తున్నారా? విజయవాడేవిటి?"

విజయవాడ కాదు, విల్లా సాన్ జొవాన్ని. బూటులా ఉండే ఇటలీ మ్యాపులో బొటనవేలు దగ్గర, నేల అయిపోయే చోటు. అవతల సిసిలీ ద్వీపం. మధ్యలో సముద్రం, ఇరుకైన చోట మూడు కిలోమీటర్లకి కాస్త పైన. వంతెన లేదు. అందుకని రైలునే ఓడలోకి ఎక్కిస్తారు. ఈ ముక్క అమ్మకి ముందు చెప్పలేదు, కావాలనే.

నేనుండేది మ్యూనిక్‌లో. అక్కణ్ణుంచి సిసిలీలోని కటానియాకి విమానంలో రెండు గంటలు. కానీ హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు అమ్మకి విమానం దిగుతుంటే చెవిపోటు వచ్చి రెండ్రోజులు తగ్గలేదు. "తిరిగెళ్లేప్పుడు ఎలాగూ తప్పదు, ఈలోపు ఇంకోసారి మాత్రం నన్ను ఎక్కించకు" అంది. సరే, రైలు. ఇక్కడో తిరకాసు ఉంది. యూరప్‌లో నివాసముండేవాళ్లకి ఇంటర్‌రెయిల్ పాసు, బయటినుంచి వచ్చినవాళ్లకి యూరెయిల్ పాసు. పక్కపక్క సీట్లలో కూచునే తల్లీకొడుకులకి రెండు రకాల పాసులు! అరవై దాటింది కాబట్టి అమ్మకి పది శాతం తగ్గింపు వచ్చింది. పాసు ఉన్నా రాత్రి బండికీ, స్పీడు బండికీ రిజర్వేషన్ డబ్బు వేరే కట్టాలి. అన్నీ కలిపితే విమానం టికెట్ కన్నా ఎక్కువే అయింది, దాచడమెందుకు.

ఆల్ప్స్ దాటే బ్రెన్నర్ దారి మాత్రం ఆ డబ్బుకి న్యాయం చేసింది. 1867లో వేసిన లైను అది, 1,370 మీటర్ల ఎత్తుదాకా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఇప్పుడు ఆ కొండల కింద 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు, అది తయారైతే ఈ మెలికలు చూసేవాళ్లుండరు. ఇటలీలోకి దిగాక కూడా చాలాసేపు స్టేషన్ల పేర్లు రెండు భాషల్లో కనిపిస్తాయి. అమ్మ వాటికేసి చూడలేదు. పట్టాల పక్కనే యాపిల్ తోటలు, కాయలు చేతికందేంత ఎత్తులో. "చెట్లు ఇంత పొట్టివా?" అని బొల్జానో దాటేదాకా అదే మాట. అంతా బాగుందనుకుంటుండగా బండి నలభై నిమిషాలు లేటై, బొలోన్యాలో మేం ఎక్కాల్సింది వెళ్లిపోయింది. తరవాతి బండికి మళ్లీ డబ్బు కట్టించుకున్నారు. అడిగితే భుజాలెగరేశారు.

సరే, ఓడ దగ్గరికొద్దాం. పెట్టెల్ని రెండు ముక్కలుగా విడదీశారు. డీజిల్ ఇంజను ఒకటి వెనకనుంచి తోస్తుంటే, నడిచే మనిషికన్నా నెమ్మదిగా, మా పెట్టె చీకట్లోకి వెళ్లింది. కిటికీ బయట రేవుగోడ పోయి తెల్ల రంగేసిన ఇనప గోడ వచ్చింది, జానెడు దూరంలో. ఓడ అడుగున కూడా పట్టాలున్నాయి. రెండో ముక్క మా పక్క పట్టాల మీదకే వచ్చి ఆగింది. కింద ఎవరో గొలుసులు బిగిస్తున్న చప్పుడు. డీజిలు వాసన, ఉప్పు వాసన.

అమ్మ కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

అమ్మది కొవ్వూరు. 1974లో రోడ్డూ రైలూ వంతెన వచ్చేదాకా గోదావరి మీద ఉన్నది 1900 నాటి రైలు వంతెన ఒక్కటే. రైలు వేళకి కుదరకపోతే రాజమండ్రి వెళ్లడానికి లాంచీయే గతి. "అక్కడ రైలు వంతెన మీదా, మేం లాంచీ మీదా. ఇక్కడ రైలునే లాంచీ ఎక్కించారే!" అంది. ఓడలు బళ్లూ, బళ్లు ఓడలూ అవుతాయని చిన్నప్పట్నుంచీ విన్నదే. ఇలా అవుతాయని ఎవరూ చెప్పలేదు.

ఇనప మెట్లెక్కి డెక్కు మీదకి వెళ్లాం. అప్పుడే తెల్లారుతోంది. ఓడ నడిచేది పట్టుమని అరగంట ఉండదు. విప్పడం, ఎక్కించడం, దించడం, తగిలించడం, వీటికే మిగతా గంటన్నర. ఇక్కడ రెండు స్తంభాల మధ్య 3,300 మీటర్ల దూరంతో వేలాడే వంతెన కట్టాలని ఇటలీ ఎన్నో ఏళ్లుగా అనుకుంటోంది. కడితే గంటన్నర మిగులుతుంది, నిజమే. మిగిలిన ఆ గంటన్నరా బెర్తు మీద పడుకుంటాం, అంతేగా.

నీళ్లు చూడగానే అమ్మ చెయ్యి చాపింది, "ఒక పైసా ఇయ్యి" అని. జేబులో రెండు యూరోల బిళ్ల ఒక్కటే ఉంది.

"ఎంతది?"

"రెండొందలు."

బిళ్ల మళ్లీ నా జేబులోకి వచ్చింది. ఉత్త చేతుల్తోనే దణ్ణం పెట్టుకుంది.

ఓడలోని బార్‌లో అరాంచినో కొన్నాను. గుప్పెడంత అన్నం ముద్దలో మాంసం కూరి, నూనెలో వేయించింది. శనివారం కాబట్టి అమ్మ ముట్టుకోలేదు గానీ, నేను కొరికాక లోపలికి తొంగి చూసి "ఉప్పు బూరె" అని తేల్చేసింది.

అవతల సిసిలీ ఒడ్డున మెస్సీనా రేవు. దాని ముఖద్వారంలో ఎత్తయిన స్తంభం మీద మేరీమాత బంగారు విగ్రహం, కింద గోడ మీద పెద్ద లాటిన్ అక్షరాలు: మిమ్మల్నీ, మీ నగరాన్నీ దీవిస్తున్నాం. 1908 భూకంపంలో దాదాపు మొత్తం నేలమట్టమైన ఊరది. మళ్లీ పెట్టెలో కూచున్నాం, మళ్లీ కుదుపులు. సిసిలీలోనే ఇంకో ఊరు పలెర్మోకి వెళ్లే పెట్టెలు ఒక దారి, మావి కటానియా దారి.

ఇంజను తగిలించేలోపు అమ్మ కొవ్వూరులో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. "ఒసేయ్, రైలుని లాంచీ ఎక్కించారే!" పిన్ని నమ్మలేదు. ఫొటో పంపమంది.

అమ్మ నావైపు చూసింది. నా ఫోన్లో యాపిల్ తోటలు నలభై ఉన్నాయి, ఉప్పు బూరె మూడు. ఓడ కడుపులో నిలబడ్డ రైలు ఒక్కటీ లేదు.