తెల్ల పొణికి చెక్క, మోహన రాగం

నిన్న సాయంత్రం మా విజయవాడ కాలనీ కమ్యూనిటీ హాల్లో చిన్న కళా ప్రదర్శన పెట్టారు. గోడ నిండా పిల్లలు గీసిన కృష్ణా తీరం, బ్యారేజీ గేట్లు. కానీ నేను గంటసేపు నిలబడిపోయింది కొండపల్లి బొమ్మల బల్ల దగ్గరే.

పెద్దాయన ఒకరు అంబారీ ఏనుగుకి రంగు వేస్తూ ఓపిగ్గా చెప్పారు. తెల్ల పొణికి చెక్క తేలిక. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏనుగు తొండం అతుకు ఎంత వెతికినా నాకు కనబడలేదు! "చేత్తో తడిమి చూడమ్మా" అన్నారాయన. తడిమినా తెలియలేదు.

ఇంతలో వెనక వయొలిన్ మొదలైంది. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న మన ఊరి సంగీత కళాశాలలో చదివే ఇద్దరమ్మాయిలు. మోహన రాగం ఎత్తుకోగానే పెద్దాయన కుంచె పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నారు.

మైకు రెండుసార్లు ఆగింది. అయినా ఎవరూ లేవలేదు. దగ్గరికి జరిగి కూర్చున్నాం, అంతే.

ఏనుగుని ఇంటికి తెచ్చుకున్నాను. రంగు వాసన ఇంకా పోలేదు.