ఆ విరిగిన కుర్చీ

ఇవాళ మా బొమ్మలేసేవాళ్ల గ్రూపు మీటింగ్ అయ్యాక కుర్చీలు మడతపెడుతుంటే ఒకదాని వెనక టేపు మీద "విరిగింది, వాడొద్దు" అని ఉంది. చేతిరాత నాదే. పోయినేడు మొదటి షోకి రాశా, ఏడాదంతా దాన్నే వేశాం, జనం కూర్చుంటూనే ఉన్నారు 😅

బొమ్మలేద్దామనే కదా ఈ గ్రూపులో చేరింది, ఈ ఏడాది బ్రష్ పట్టింది రెండుసార్లు, మిగతాదంతా హాల్ బుకింగు, రసీదులు, తాళాలు ఎవరి దగ్గరున్నాయో వెతకడం, గ్రూప్‌లో "నేనొస్తా" అని బొటనవేలు పెట్టి రానివాళ్ల పని కూడా మనమే చెయ్యడం.

వచ్చే ఏడాది సెక్రటరీ ఎవరు అనగానే అందరూ ఫోన్లలోకి తలదూర్చారు. చెయ్యి ఎవరెత్తారో అడక్కండి.

కుర్చీ పారెయ్యలేదు. టేపు ఊడిపోతోందని కొత్తది అతికించా.